ఆరు పెట్టెల పరదేశి

చోడవరం నుంచి మాడుగుల వెళ్లే రోడ్డు మీద, చెరుకు తోటల మధ్య, ఒక ప్రైవేటు పాలిటెక్నిక్ ఉంది. దాని గేటు బోర్డు మీద ఇప్పటికీ విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. జిల్లా మారింది కదా, బోర్డు మార్చండి అని ఎవరూ చెప్పలేదు. మార్చొద్దని కూడా ఎవరూ చెప్పలేదు. ఆ కాలేజీలో పనులన్నీ ఇదే పద్ధతిలో నడుస్తాయి కాబట్టి, ఈ కథ అక్కడ జరగడంలో వింతేమీ లేదు.

పరదేశి ఆ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో అటెండరు. చీడికాడ దగ్గర పల్లె. పదో తరగతి పాసయ్యాడు. వచ్చే జూన్‌కి రిటైరవుతాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పట్టకారు, ఒక టూత్‌బ్రష్షు ఉంటాయి. కొత్తగా చూసినవాళ్లు ఈయనెవరో భోజనం కాగానే పళ్లు తోముకునే శుభ్రమైన మనిషి అనుకుంటారు. ఆ బ్రష్షు పళ్లకి కాదు, పెట్టెలకి. పెట్టెల సంగతికి వస్తాను గాని, అంతకంటే ముందు పరదేశికున్న జబ్బు గురించి చెప్పాలి.

పరదేశికి 'వద్దు' అనడం రాదు. అలాగని 'అవును' అంటాడా అంటే అదీ లేదు. ఏదైనా అడిగితే తల వంచి కాళ్ల వేళ్ల వంక చూస్తాడు. ఎదుటివాళ్లు తమకి కావలసింది అనుకుంటారు. లోకం తీరు తెలిసిందే కదా, ఎదుటివాడు నోరు మెదపకపోతే ఒప్పుకున్నాడనే అనుకుంటుంది. రక్తదాన శిబిరం పెట్టినప్పుడల్లా మొదటి పేరు పరదేశిదే, ఎందుకంటే లిస్టు రాసేటప్పుడు అతను ఎదురుగా నిలబడి ఏమీ అనడు. ఊళ్లో నాటకం వేసినప్పుడు శవం వేషం ఎవరు వేస్తారని అడిగితే అందరూ 'నేను కాదు, నేను కాదు' అని వెనక్కి జరిగారు. పరదేశి ఒక్కడే జరగలేదు. పాపం, చలిలో గంటన్నర సేపు పాడె మీద పడుకున్నాడు. మధ్యలో తుమ్మొచ్చినా ఆపుకున్నాడట, ఆ మాటకొస్తే ఆ నాటకంలో బాగా నటించింది అతనొక్కడే.

పెళ్లి కూడా ఇలాగే అయింది. పెళ్లిచూపుల్లో పైడితల్లి కాఫీ గ్లాసు ఇచ్చి వెళ్లాక, పెద్దలు 'ఏరా, పిల్ల నచ్చిందా?' అని అడిగారు. పరదేశి కాళ్ల వేళ్లు చూసుకున్నాడు. 'సిగ్గు పడతన్నాడు, నచ్చినట్టే' అని తాంబూలాలు మార్చేసుకున్నారు. పైడితల్లి తలుపు చాటు నుంచి అంతా విన్నది. ముప్పై మూడేళ్లుగా, కూరలో ఉప్పు ఎక్కువైన రోజు, తక్కువైన రోజు, అసలు ఉప్పుతో సంబంధం లేని రోజు కూడా ఆ మాట ఎత్తుతుంది. "నువ్వు నన్ను అవునన్నావా, కాదన్నావా? నాకు ఇప్పటికీ తెలవదు మావా."

పరదేశి దానికీ ఏమీ అనడు.

ఇక పెట్టెలు. ఇవి మొత్తం ఆరు. 1989లో పరదేశి ఉద్యోగంలో చేరిన నెలలోనే బెంగుళూరు నుంచి లారీలో వచ్చాయి. టేకు చెక్క పెట్టెలు, తోలు పిడి, ఇత్తడి గొళ్లెం. దించుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లు హార్మోనియం పెట్టెలనుకున్నారు. పక్క ఊరి భజన బృందం వాళ్లు మర్నాడే వచ్చి, ఆరున్నాయి కదా, ఒకటి మాకిప్పించండని ప్రిన్సిపాల్ని అడిగారు కూడా. మూత తీసి చూపించాక, దీంట్లో మెట్లేవి అని నిరాశపడి వెళ్లిపోయారు.

మూత తీస్తే లోపల తెల్లటి పలక. పలక మీద గేట్ల బొమ్మలు, అంటే అవునో కాదో తేల్చే చిన్న సర్క్యూట్ల గుర్తులు, గీసి ఉంటాయి. ఒక్కో గేటుకి తీగ గుచ్చుకోవడానికి కన్నాలు, కింద వరసగా ఎనిమిది స్విచ్చులు, పైన వరసగా ఎనిమిది ఎర్ర దీపాలు. పలక కింద పద్నాలుగు కాళ్ల పురుగుల్లాంటి చిప్పులు. మూత లోపలి వైపు తీగలు దాచుకోవడానికి ఒక చిన్న అర. కంప్యూటరు అవును-కాదు అనే రెండు ముక్కలతో ఎలా ఆలోచిస్తుందో పిల్లలు చేత్తో పట్టుకుని తెలుసుకోవడానికి చేసిన పెట్టెలవి. పేరు లాజిక్ ట్రైనర్లు. పిల్లలు మాత్రం పరదేశి పెట్టెలనే అంటారు.

వాటిని తెప్పించింది కృష్ణంరాజు మాస్టారు. ఆ మహానుభావుడు పోయి పన్నెండేళ్లయింది. ఆయన చదువుకునే రోజుల్లో విశాఖపట్నంలో ఈ పెట్టెలు కూడా లేవు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ వాళ్లు పారేసిన రిలేలు, అంటే కరెంటుతో వాటంతటవే పడి లేచే స్విచ్చులు, తెచ్చి, బల్లకి బిగించి, టకటకమని కొట్టుకుంటుంటే ఆ చప్పుడులో లెక్క నేర్చుకున్నారు. ఇక్కడ ఉద్యోగంలో చేరాక కాలేజీలో అదీ లేదు. టీ పొడి వచ్చే పెట్టె చెక్క ఒకటి కోసి, దాని మీద ఇంటి స్విచ్చులు, టార్చి బల్బులు బిగించి సొంతంగా ఒక బోర్డు చేశారు. రెండు స్విచ్చులూ వేస్తేనే వెలిగే బల్బు ఒకటి. రెండింట్లో ఏది వేసినా వెలిగేది ఒకటి. స్విచ్చు వేస్తే ఆరిపోయేది ఇంకొకటి.

"ఒరే పరదేశీ, ఇలా రా," అని మొదటి రోజే పిలిచి కూచోబెట్టారు. "పెళ్లికి పిల్లా ఒప్పుకోవాలి, పిల్లాడూ ఒప్పుకోవాలి. ఇద్దరూ అవునంటేనే దీపం. ఇది మొదటి గేటు. తాగడానికి కాఫీ అయినా పర్లేదు, టీ అయినా పర్లేదు. ఇది రెండోది. మూడోది మా నాన్న. నేను ఏదంటే దానికి ఎదురు. ఈ మూడే ప్రపంచం."

పరదేశి గది తుడవడానికి చేరిన మనిషి. అయినా మాస్టారు అతనికి చీపురుతోపాటు పట్టకారు కూడా ఇచ్చారు. పెట్టెలు వచ్చాక నాలుగో నెంబరు పెట్టె ముందు కూచోబెట్టి, ఒక గేటుకి గుచ్చిన తీగలు రెండూ ఊడపీకి చూపించారు. దీపం ఆరలేదు సరి కదా, దర్జాగా వెలుగుతోంది.

"చూశావా? ఈ జాతి చిప్పు ఉందే, దాని కాలికి ఏ తీగా తగిలించకపోతే అది కాదనుకోదు, అవుననుకుంటుంది. మౌనం అర్ధాంగీకారం అంటారు పెద్దలు. దీనికి మౌనం పూర్తి అంగీకారం. అందుకని వద్దనుకున్న కాలిని గాలికి వదిలేయకూడదురా. తీసుకెళ్లి గ్రౌండుకి, అంటే సున్నాకి, కట్టాలి. వద్దు అని దానికి గట్టిగా చెప్పాలి."

పరదేశి ఈ పాఠాన్ని ముప్పై అయిదేళ్లలో ఎన్ని వందల మంది పిల్లలకి చెప్పాడో లెక్కలేదు. లెక్చరర్లు మారేవారు. పాఠం మాత్రం అతనే చెప్పేవాడు. "ఉత్తి పిన్ను ఒగ్గేయకండర్రా, గ్రౌండుకి కట్టండి" అని ప్రాక్టికల్ పరీక్ష రోజు గది అంతా తిరిగేవాడు. తన సంగతి కూడా అదేనని మాత్రం ఒక్కరోజూ తట్టలేదు. దీపం కింద చీకటంటే ఇదే.

పెట్టెల తరవాత ఇంకా చాలా వచ్చాయి. ఎర్ర అంకెలు వెలిగే మైక్రోప్రాసెసర్ కిట్లు వచ్చాయి, పదేళ్లకి కళ్లు మూశాయి. కంప్యూటర్లు వచ్చాయి, అయిదేళ్లకోసారి మూలన పడుతున్నాయి. ఆరు పెట్టెలు మాత్రం అలాగే ఉన్నాయి. చిప్పు చస్తే పట్టకారుతో పీకి ఇంకోటి పెట్టడమే. ఒకటో నెంబరుకి ఎడం పక్క చిన్న దెబ్బ వేయాలి. మూడో దానికి వానాకాలం పడదు. అయిదో నెంబరు ఆరో దీపం సోమరి, కాసేపు ఆగి వెలుగుతుంది. పరీక్షకి ముందు పిల్లలంతా పరదేశి చుట్టూ మూగి నాలుగో నెంబరు ఇప్పించమని బతిమాలేవారు, ఎందుకంటే అది ఒక్కరోజూ తప్పు చెప్పలేదు.

ఆ నాలుగో నెంబరు అంటే పరదేశికి కూడా ప్రత్యేకమైన అభిమానం. కారణం వేరు. అతనికి ఎనిమిదేళ్లుగా షుగరు. తీపి ముట్టుకుంటే ఊరుకునేది లేదని పైడితల్లి ఇంట్లో బెల్లం డబ్బా కూడా పక్కింట్లో పెట్టించింది. మాడుగుల హల్వా మాత్రం కాలేజీ ముందు నుంచే రోజూ బస్సుల్లో వెళుతుంటుంది. మనిషి ఎంతకని ఆగుతాడు? మాడుగుల నుంచి వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ అభిమానంగా తెచ్చిన పొట్లం ఎక్కడ దాచాలా అని వెతికితే, లోకంలో పైడితల్లి చెయ్యి చేరని చోటు ఒక్కటే కనిపించింది. నాలుగో పెట్టె మూతలో తీగలు పెట్టుకునే అర.

ఈ ఏడాది ఏప్రిల్లో, పరీక్షలు అయిపోయాక, ఒక సర్క్యులర్ బయల్దేరింది.

ఆ కాలేజీలో సర్క్యులర్ అంటే ఒక పెద్ద పుస్తకం. అందులో కాగితం అంటించి అటెండరు గది గదికీ తీసుకెళతాడు. అందరూ 'చూశాను' అని సంతకం పెడతారు. చదవడం ఆనవాయితీ కాదు. సెలవులు ఎలాగూ వాట్సాప్‌లో ముందే తెలిసిపోతాయి, మిగతావి తెలియకపోయినా కొంప మునగదు. ఆ రోజు పుస్తకం మోసింది పరదేశే. ఎలక్ట్రానిక్స్ హెడ్డు సంధ్యారాణి మేడమ్ ఫోనులో మాట్లాడుతూనే పెట్టేసింది. లైబ్రేరియన్ కళ్లజోడు కోసం వెతుకుతుంటే పరదేశే తొందరపెట్టాడు.

"పెట్టీండి సార్. సదవడానికి ఏటుంటాది అందులో?"

చివరి వరసలో ల్యాబ్ అటెండర్ అని ఉంది. అక్కడ పరదేశి, ముప్పై అయిదేళ్లుగా ఎలా పెడుతున్నాడో అలాగే, గుండ్రటి అక్షరాలతో తన సంతకం పెట్టాడు. సర్క్యులర్ అటెండర్లు చదివేది కాదని అతని నమ్మకం. పోస్ట్‌మాన్ ఉత్తరాలు విప్పి చదువుతాడా?

శనివారం పదకొండు గంటలకి పాత సామాను కొనే దాసు ట్రాలీ ఆటో వేసుకుని వచ్చాడు. లావుపాటి మనిషి, నడుముకి తువ్వాలు, చేతిలో జాబితా. ల్యాబు వెనక గదిలోంచి విరిగిన బల్లలు, తుప్పు పట్టిన బీరువా తీస్తుంటే పరదేశి ఓ చెయ్యి వేశాడు. బీరువా ఆటో ఎక్కించాక దాసు చెమట తుడుచుకుని ల్యాబులోకి నడిచాడు. నడిచి, బీరువా లాగినంత సులువుగా, ఒకటో నెంబరు పెట్టె పిడి పట్టుకున్నాడు.

"అదెందుకు తీస్తన్నావు?" అన్నాడు పరదేశి.

"లిస్టులో ఉన్నాది కదేటి. సూడు. ట్రైనర్లు ఆరు, సెక్క బోర్డు ఒకటి. కింద నీ సంతకమే ఉన్నాది."

పరదేశి జాబితా పక్కన పిన్ను కొట్టిన సర్క్యులర్ నకలు మొదటిసారి చదివాడు. ఆ గదిలో కొత్త కంప్యూటర్లు పెడుతున్నారు, ఇక గేట్ల ప్రాక్టికల్స్ వాటి తెర మీదే, పాతవాటిని తొలగిస్తున్నారు, అభ్యంతరం ఉన్నవారు శుక్రవారం సాయంత్రంలోగా తెలియజేయాలి, తెలియజేయనివారు ఒప్పుకున్నట్టే. తన పెట్టెల చావు కబురు తానే గది గదికీ మోసి, చదవబోయినవాళ్లని కూడా చదవనివ్వకుండా సంతకాలు పెట్టించుకొచ్చాడన్నమాట. కాగితం దాసు చేతిలో పెట్టేశాడు. తిన్నగా సంధ్యారాణి మేడమ్ గదికి పరిగెత్తాడు.

"నేను సంతకం పెట్టానా?" అంది మేడమ్ కంగారుగా.

"పెట్టేరు మేడమ్. నేనే పెట్టించేను."

మేడమ్ తల పట్టుకుంది. ఆమె మంచి మనిషే. వయసులో పరదేశి కూతురిలాంటిది, ఈ కాలేజీలోనే చదివి, నాలుగో నెంబరు పెట్టె మీదే పరీక్ష రాసి, ఇప్పుడు హెడ్డయింది. వెంటనే వెళ్లి ప్రిన్సిపాల్ గౌరీశంకర్ గారిని ల్యాబుకి తీసుకొచ్చింది. ఆయన లెక్కల మనిషి. దుర్మార్గుడు కాదు గాని రూలు కాగితం మీద ఉంటే దాన్ని దేవుడి పటంలా చూస్తాడు.

"తొమ్మిది మంది సంతకాలు పెట్టారమ్మా. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. మౌనం అర్ధాంగీకారం," అన్నాడు.

"చూసుకోకుండా పెట్టాం సార్," అంది మేడమ్.

"అది రాసివ్వమంటావా? హెడ్డు చూసుకోకుండా సంతకం పెట్టిందని?" అన్నాడు ప్రిన్సిపాల్. ఆయన పరదేశి వైపు తిరిగాడు. "ఏమయ్యా, నీకేమన్నా అభ్యంతరమా?"

పరదేశి కాళ్ల వేళ్లు చూసుకున్నాడు. గొంతులో మాట ఉంది. అది పైకి రావడం లేదు, చెరుకు మిషన్లో అడ్డంగా ఇరుక్కున్న గడలాగా. కాసేపు చూసి ప్రిన్సిపాల్ అలవాటైన అర్థమే తీసుకుని దాసుకి చేత్తో సైగ చేశాడు.

సరిగ్గా అప్పుడే పైడితల్లి గుమ్మంలోకి వచ్చింది. మధ్యాహ్నం చోడవరంలో పరదేశికి షుగరు పరీక్ష ఉంది. మొగుడు ఏదో వంక పెట్టి ఎగ్గొడతాడని అనుమానంతో ఆటో ఎక్కి తనే తీసుకెళ్లడానికి వచ్చింది. లోపల ఇంతమంది ఉండటం చూసి గోడ పక్కన నిలబడింది.

పరదేశికి నోరు రాలేదు గాని చెయ్యి వచ్చింది. గబగబా వెళ్లి నాలుగో పెట్టె దించి బల్ల మీద పెట్టాడు. మూత తీసి గోడకి ఆనించి, ప్లగ్గు పెట్టాడు. మొదటి గేటు దీపం వెలిగింది.

"సూడండి సార్," అన్నాడు, గొంతు కీచుగా వచ్చింది. "ఈ గేటుకి తీగ నేదు. ఎవులూ దీనికి ఏటీ సెప్పనేదు. అయినా అవునంటంది. అది అవునని కాదు సార్. తీగ నేదని. ఇప్పుడు నాను వద్దని సెప్తాను, సూడండి."

ఒక తీగ తీసి గేటు కన్నంలోకి, రెండో చివర స్విచ్చు కన్నంలోకి గుచ్చి, స్విచ్చు సున్నా వైపు వేశాడు.

దీపం వెలుగుతూనే ఉంది.

పరదేశి స్విచ్చు మళ్లీ వేశాడు. తీగ మార్చాడు. రెండో స్విచ్చుకి పెట్టాడు. ముప్పై అయిదేళ్లలో ఒక్కరోజూ తప్పు చెప్పని నాలుగో నెంబరు, ఆ రోజు, అందరి ముందూ, వద్దన్నా అవునంటూ ఎర్రగా వెలిగిపోతోంది.

ప్రిన్సిపాల్ పకపకా నవ్వాడు. "చూశావా పరదేశీ? నువ్వు వద్దన్నా నీ పెట్టె ఒప్పుకుంటోంది."

పరదేశి టూత్‌బ్రష్షు తీసి స్విచ్చు కన్నంలో పెట్టి తిప్పాడు. బ్రష్షు జిడ్డుగా బయటికి వచ్చింది. సంధ్యారాణి మేడమ్ వంగి చూసింది. "ఇన్ని చీమలేంటి?" అంది. నిజమే, స్విచ్చుల దగ్గర నుంచి ఒక చీమల బారు పలక మీదుగా మూత పైకి, మూత మీద నుంచి అరలోకి పద్ధతిగా వెళుతోంది. దాసు ముక్కు ఎగబీల్చాడు.

"ఇది మాడుగుల హల్వాయే బాబూ. నెయ్యి వాసన నాకు తెలీదేటి," అన్నాడు.

అర తెరిచారు. సగం తిన్న పొట్లం బయటపడింది. ఏప్రిల్ ఎండకి నెయ్యి కరిగి, మూత మీద నుంచి కారి, కన్నాల్లోకి దిగింది. తీగ లోపల ఇత్తడికి తగలకుండా మధ్యలో నెయ్యి అడ్డుపడితే, పాపం చిప్పుకి వద్దన్న మాట చేరేదెలా? చేరని మాటని అది అవుననే అనుకుంది. గోడ పక్కనున్న పైడితల్లి ఆ పొట్లం చూసి, మొగుడి మొహం చూసి, "అయితే ఎనిమిదేళ్లుగా డాక్టర్లు రాసిన మందులన్నీ..." అంటూ ఆగిపోయింది. నలుగురిలో పరువు తియ్యడం ఇష్టం లేక ఆగింది గాని, మిగతాది ఇంటికెళ్లాక ఉంటుందని ఆమె చూపే చెప్పింది.

పరదేశికి భూమి చీలి లోపలికి వెళ్లిపోతే బాగుణ్ననిపించింది. తన తరపున మాట్లాడుతుందనుకున్న పెట్టెని తన నాలుకే పాడుచేసింది. దాసు ఇంక ఆలస్యమెందుకని ఒకటీ రెండూ పెట్టెలు ఆటోలో పెట్టి వచ్చి, గోడకున్న కృష్ణంరాజు మాస్టారి బోర్డు దించాడు. అది వెడల్పు, బల్లలూ బీరువాతో నిండిన ఆటోలో ఇమడదు. టీ పెట్టె చెక్కే కదా అని నేల మీద ఓ చివర ఆనించి, మధ్యలో విరవడానికి కాలెత్తాడు.

"వద్దు!"

ఆ అరుపు ఎవరిదో మొదట ఎవరికీ తెలియలేదు. దాసు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయాడు. ప్రిన్సిపాల్ వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశాడు. పైడితల్లికి మాత్రం వెంటనే తెలిసింది, ఆమె చెయ్యి నోటికి పోయింది.

"వద్దు సార్," అన్నాడు పరదేశి మళ్లీ. ఈసారి తలెత్తి అన్నాడు. "ఇవ్వను. అభ్యంతరవా అని అడిగేరు కదా, అభ్యంతరవే. నిన్న సెప్పనేదు, నా తప్పు. సంతకం పెట్టేసేను, అదీ నా తప్పు. ఇప్పుడు సెప్తన్నాను, వద్దు."

"అది పని చేయడం లేదు కదయ్యా..."

"అందుకే సార్! కంప్యూటర్లో గీసిన గేటు ఎప్పుడూ తప్పు సెయ్యదు. ఇది సేస్తాది. ఎందుకు సేసిందో యెతుక్కోడవే సదువని మాస్టారు సెప్పేరు. నెయ్యి దిగితే తీగ తగల్దు, తగలకపోతే సిప్పు అవుననుకుంటాది. ఈ ముక్క మీ కొత్త కంప్యూటరుకి తెలుసేటి? దానికి హల్వా ఎలాగుంటాదో తెలుసేటి? మా గుంటలు రేపు ఏ ఫ్యాక్టరీలోనో పని సేస్తారు సార్. అక్కడ మిషన్లకి నూని కారతాది, దుమ్ము పడతాది, సీమలు పడతాయి. అక్కడ బొమ్మ గేట్లుంటాయేటి?"

ముప్పై అయిదేళ్ల మాటలు ఒకేసారి బయటికొచ్చేసరికి అతనికి ఆయాసం వచ్చింది. ఇప్పుడు నేల వంక చూడటం ప్రిన్సిపాల్ వంతయింది. జవాబేదైనా దొరుకుతుందేమోనని ఆయన తన బూట్లు చాలాసేపు పరిశీలించాడు.

సంధ్యారాణి మేడమ్ నెమ్మదిగా, "మౌనం అర్ధాంగీకారం కదా సార్," అంది.

గౌరీశంకర్ గారికి నవ్వాగలేదు. నవ్వుతూనే జేబులోంచి పెన్ను తీసి, దాసు చేతిలోని జాబితా లాక్కుని, రెండు వరసలు కొట్టేశాడు. పెట్టెలు ఇకమీదట ఖాళీ అయిన వెనక గదిలో ఉంటాయి, ప్రాక్టికల్స్ కూడా అక్కడే. పరదేశి భుజం తట్టి, "ఈ మాట ముందే చెప్పొచ్చు కదయ్యా!" అన్నాడు. అంతే. అంత సులువు. పరదేశి అలా నిలబడి, ఆ మాట అంత సులువని తెలియక తను ఎక్కిన పాడె, ఇచ్చిన రక్తం అన్నీ ఒకసారి తలచుకున్నాడు.

దాసు రెండు పెట్టెలూ తెచ్చి ఎక్కడివక్కడ పెట్టాడు. పరదేశి స్పిరిట్ తెచ్చి నాలుగో నెంబరు కన్నాలన్నీ కడిగాడు. తీగ గుచ్చి స్విచ్చు సున్నా వైపు వేశాడు. దీపం ఆరిపోయింది. వద్దంటే వద్దే.

చోడవరం బస్సులో కిటికీ పక్కన పైడితల్లి, ఆమె పక్కన పరదేశి. హల్వా పొట్లం ఆమె ఒళ్లో ఉంది. ఇక జన్మలో తీపి ముట్టనని ఒట్టెయ్యమంది. పరదేశి కాళ్ల వేళ్లు చూసుకున్నాడు. ఆమె దాన్ని ఒప్పుకోలు కింద జమ కట్టి, మిగిలిన ముక్క తనే నోట్లో వేసుకుంది. షుగర్ ఫ్యాక్టరీ దాటేదాకా నములుతూనే ఉంది. తరవాత కొంగుతో చేతులు తుడుచుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ అడిగింది.

"మావా. ఆ రోజు పెద్దోలు అడిగినప్పుడు, నీ మనసులో ఏటున్నాది?"

ముప్పై మూడేళ్లుగా ఆమె ఈ ప్రశ్నని దెప్పుతూనే అడిగింది. ఇలా మెల్లగా ఎప్పుడూ అడగలేదు. దెప్పులు దెప్పులే గాని, ఇన్నేళ్లూ ఆమె నిజంగానే ఆ సంగతి తెలియకుండా బతికిందని పరదేశికి అప్పుడు అర్థమైంది.

"అవుననే," అన్నాడు. బస్సు మోతలో సరిగా వినపడలేదేమోనని ఇంకాస్త గట్టిగా, ముందు సీటువాళ్లు తిరిగి చూసేలా అన్నాడు. "అవుననే పైడీ. నువ్వు కాఫీ గలాసు అట్టుకొచ్చి గుమ్మం కాడ తూలేవు సూడు, అప్పుడే."

పైడితల్లి ఇటు తిరగలేదు. కాసేపు కొంగు కళ్ల దగ్గరే ఉంది. ఆ తరవాత అతని మోచేతి మీద ఒక్కటి గట్టిగా కొట్టింది.

"ముందే సెప్పొచ్చు కదా!" అంది.